‘కడుక్కుంటాను’ అన్న మాటను కొలిచే ప్రయత్నం: ప్రాజెక్టు డైరీ

మొదటి వారం

మా పాఠశాలలో నాలుగు నుంచి ఏడో తరగతి వరకు చదువుతున్న పిల్లలు భోజనానికి ముందూ, మరుగుదొడ్డికి వెళ్ళివచ్చిన తర్వాతా సబ్బుతో చేతులు కడుక్కోవాలని నిజంగా అనుకుంటున్నారా, అనుకుంటే ఆ ఉద్దేశాన్ని బలపరుస్తున్నవి ఏవి, బలహీనపరుస్తున్నవి ఏవి అన్నది తెలుసుకోవడానికి ఈ వారం ఒక ప్రాజెక్టు మొదలుపెట్టాను. సైన్సు టీచరుగా ఏటా సూక్ష్మజీవుల పాఠం చెబుతాను. ఆ పాఠం మీద అడిగిన ప్రశ్నలకు పిల్లలు చక్కటి జవాబులు రాస్తారు. అదే పిల్లలు గంట కొట్టగానే మైదానం నుంచి పరుగెత్తుకొచ్చి, చేతులకున్న మట్టిని బట్టలకు తుడుచుకుని భోజనానికి కూర్చోవడమూ చూస్తాను. తెలియకపోవడం ఇక్కడ సమస్య కాదని నాకు ఏనాడో అర్థమైంది. తెలిసినదానికీ చేసేదానికీ నడుమ ఏముందో మాత్రం ఇంతవరకు పద్ధతిగా చూడలేదు.

ఇంత శ్రమ ఎందుకని సహోద్యోగులు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. వాల్ కర్టిస్, శాండీ కెయిర్న్‌క్రాస్ 2003లో అప్పటికి వచ్చిన పరిశోధనలను కలిపి చూసి, సబ్బుతో చేతులు కడుక్కుంటే అతిసార వ్యాధుల ముప్పు 42 నుంచి 47 శాతం వరకు తగ్గగలదని అంచనా వేశారు. స్టీఫెన్ లూబీ బృందం కరాచీలో జరిపి 2005లో ప్రచురించిన అధ్యయనంలో, సబ్బు ఇచ్చి చేతులు కడుక్కోవడాన్ని ప్రోత్సహించిన ఇళ్ళలో 15 ఏళ్ళలోపు పిల్లలకు అతిసారం 53 శాతం తక్కువగా, ఐదేళ్ళలోపు పిల్లలకు న్యుమోనియా 50 శాతం తక్కువగా కనిపించింది. ఇంత చిన్న పనితో ఇంత మేలు జరుగుతున్నప్పుడు దాన్ని గోడ మీది నినాదానికి వదిలేయడం నాకు సమ్మతం కాదు.

ఆలోచనకు చట్రంగా ఐసెక్ ఐజెన్ ప్రతిపాదించిన ప్రణాళికాబద్ధ ప్రవర్తన సిద్ధాంతాన్ని తీసుకున్నాను. మార్టిన్ ఫిష్‌బైన్‌తో కలిసి 1970లలో రూపొందించిన సిద్ధాంతాన్ని ఐజెన్ 1985లో విస్తరించి, 1991లో సమగ్రంగా వివరించారు. దాని ప్రకారం ఒక పని చేయాలన్న ఉద్దేశం మూడింటి మీద నిలుస్తుంది. ఆ పని నాకు మంచిదా, హాయిగా ఉంటుందా, విసుగా అన్న వైఖరి ఒకటి. నాకు కావలసినవాళ్ళు నా నుంచి ఏం ఆశిస్తున్నారు, వాళ్ళేం చేస్తున్నారు అన్న ఎరుక రెండోది. ఆ పని అసలు నా చేతిలో ఉందా అన్న నమ్మకం మూడోది. మొదటి సిద్ధాంతంలో ఈ మూడోది లేదు. మనిషి అనుకున్నంత మాత్రాన చేయలేని పనులు కూడా ఉంటాయి కనుక ఐజెన్ దాన్ని తర్వాత చేర్చారు. ఈ చేర్పు పెద్దలకంటే పిల్లల విషయంలో మరింత అవసరమని నా అనుమానం. పెద్దవాళ్ళు సబ్బు లేకపోతే తెచ్చుకోగలరు, పిల్లలు అది ఉన్నచోటే వాడుకోగలరు.

రెండో వారం

ప్రధానోపాధ్యాయిని అనుమతి, తల్లిదండ్రుల లిఖితపూర్వక సమ్మతి వచ్చాయి. పిల్లల సమ్మతిని విడిగా అడిగాను. ఇష్టం లేకపోతే మధ్యలో ఆపేయవచ్చనీ, దీనికి మార్కులు ఉండవనీ ప్రతి తరగతిలోనూ చెప్పాను. మార్కులు ఉండవన్న మాటను వాళ్ళు నమ్మడానికి రెండుసార్లు చెప్పవలసి వచ్చింది.

ప్రశ్నావళి రాయకముందే పిల్లలతో మాట్లాడి, వాళ్ళ మనసులో ఉన్న కారణాలను వాళ్ళ మాటల్లోనే సేకరించాలి. ఈ సిద్ధాంతంతో పనిచేసేవాళ్ళు తప్పనిసరిగా పాటించవలసిన మెట్టు ఇది. ఆరుగురేసి పిల్లలతో చెట్టు కింద కూర్చుని, చేతులు కడుక్కుంటే ఏం బాగుంటుంది, ఏం బాగుండదు, ఎవరు మెచ్చుకుంటారు, ఎప్పుడు కుదరదు అని అడిగాను.

బాగుండేవాటిలో జబ్బులు రావన్నది అందరూ ముందుగా చెప్పారు, పాఠం ఒప్పజెప్పినట్టుగా. ఆ తర్వాత నిదానంగా అసలు మాటలు వచ్చాయి. సబ్బు వాసన బాగుంటుందని ఒకరు, పుస్తకం మీద మరకలు పడవని ఒకరు, చేతులు కడుక్కుని వస్తే అమ్మ ఏమీ అనదని ఒకరు. బాగుండనివాటి జాబితా ఇంకా పొడుగైంది. ఆడుకునే సమయం పోతుంది, వరసలో పెద్ద తరగతివాళ్ళు తోసేస్తారు, చొక్కా చేతులు తడుస్తాయి, సబ్బు జారి కింద పడితే మట్టి అంటుకుంటుంది, తుడుచుకోవడానికి ఏమీ ఉండదు. నాలుగో తరగతి అమ్మాయి ఒకతె, “సబ్బు అక్కడ ఉంటే కదా టీచర్ కడుక్కునేది” అంది. మిగిలిన ఐదుగురూ ఒకేసారి అవునని తలూపారు.

ఇంకొక నమ్మకం కూడా మళ్ళీ మళ్ళీ వినిపించింది. కంటికి మురికి కనిపిస్తేనే కడుక్కోవాలి, కనిపించకపోతే అక్కర్లేదు. సూక్ష్మజీవులు కంటికి కనిపించవని రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్న పిల్లలే ఈ మాట అన్నారు. పరీక్ష కోసం తెలిసిన సంగతి ఒక గదిలో, చేతుల గురించి అనుకునే సంగతి ఇంకో గదిలో ఉన్నాయి, రెంటికీ మధ్య తలుపు తెరుచుకోలేదు.

మూడో వారం

ఈ వారమంతా ప్రశ్నల మాటలతోనే గడిచింది. ఇంత కాలం పడుతుందని అనుకోలేదు, అయినా ఈ ప్రాజెక్టులో నేను ఎక్కువగా నేర్చుకున్నది ఇక్కడే.

మొదట రాసిన ప్రశ్న ఇది: “భోజనానికి ముందు నువ్వు సబ్బుతో చేతులు కడుక్కుంటావా?” ఇది ఉద్దేశాన్ని అడుగుతున్నదని నేననుకున్నాను. ఐదో తరగతి అబ్బాయి దాన్ని చదివి, “రోజూ సంగతా టీచర్, రేపటి సంగతా?” అని అడిగాడు. వాడి సందేహం పూర్తిగా సబబైనది. తెలుగులో ‘కడుక్కుంటాను’ అంటే అలవాటుగా చేస్తానన్న అర్థమూ ఉంది, ఇకముందు చేస్తానన్న అర్థమూ ఉంది. క్రియారూపం ఒకటే. ఉద్దేశాన్ని కొలవాలనుకుని నేను అలవాటునూ ఉద్దేశాన్నీ ఒకే పాత్రలో పోసి కలిపేశాను. దాన్ని ‘కడుక్కోవాలి’ అని మార్చి చూస్తే అది విధిగా వినిపించింది. చేతులు కడుక్కోవాలా అని టీచరు అడిగితే కాదనే పిల్లవాడు ఎవడుంటాడు? ‘కడుక్కోవాలని ఉంది’ అంటే కోరికలా ఉంది, పిల్లలకది వింతగా తోచింది. చివరికి “వచ్చే వారం బడి ఉన్న రోజుల్లో, భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలని అనుకుంటున్నాను” అన్న వాక్యం దగ్గర ఆగాను. ఏ పని, దేని మీద, ఏ సందర్భంలో, ఏ కాలంలో అన్నవి నాలుగూ స్పష్టంగా ఉండాలని ఐజెన్ పెట్టిన నియమం ఇలా తెలుగు వాక్యంలో కూర్చున్నాక గానీ దాని విలువ నాకు తెలియలేదు.

‘సబ్బుతో’ అన్న మాటను కూడా గీత గీసి అచ్చు వేశాను. పిల్లలకు చేయి నీళ్ళ కింద ఒకసారి పెట్టి తీయడమూ కడుక్కోవడమే. నూనె జిడ్డునూ దానితోపాటు పట్టుకుని ఉన్న మురికినీ ఉత్త నీళ్ళు వదిలించలేవు. సబ్బు అణువుకు ఒక కొస నీటిని, ఇంకో కొస కొవ్వును పట్టుకునే గుణం ఉండబట్టే ఆ జిడ్డు చర్మం నుంచి విడివడి నీటితో కొట్టుకుపోతుంది. ఈ తేడాను ప్రశ్నావళికి ముందే నమూనాగా చేసి చూపించాను.

జవాబులకు ముందు ఐదు ముఖాల బొమ్మలు వాడాను, ఏడుపు ముఖం నుంచి నవ్వు ముఖం దాకా. పిల్లలు ప్రశ్న చదవకుండానే నవ్వు ముఖానికి సున్నా చుడుతున్నారు, అది బాగుంది కాబట్టి. వాటి బదులు ఖాళీ గ్లాసు నుంచి నిండు గ్లాసు వరకు ఐదు గ్లాసుల బొమ్మలు వేశాను. “ఎంత అనుకుంటున్నావో గ్లాసులో అంత నీళ్ళు” అని చెప్పగానే వాళ్ళు ఆగి ఆలోచించడం కనిపించింది.

నాలుగో వారం

ఒక తరగతిలో ప్రయోగాత్మకంగా ప్రశ్నావళి ఇచ్చాను. ఉద్దేశం గురించిన మూడు వాక్యాలకూ దాదాపు అందరివీ నిండు గ్లాసులే. అందరూ ఒకే చోట ఉంటే ఏ అంశం ప్రభావం ఎంతో తేల్చలేము, తేడా ఉన్నచోటే కారణం వెతకగలం. మెప్పు పొందే జవాబు ఇవ్వాలన్న కోరిక పిల్లల్లో బలంగా ఉంటుంది, అడిగేది టీచరైతే ఇంకా ఎక్కువ. తర్వాతి విడతలో పేర్లు లేకుండా, నేను గదిలో లేకుండా, మడిచిన కాగితాలు పెట్టెలో వేయించాను. గ్లాసులు కొంత తగ్గాయి.

అయితే పేరు లేని కాగితం కంటే ఎక్కువగా ఉపయోగపడింది వేరే ప్రశ్న. “మీ తరగతిలో పదిమందిని తీసుకుంటే ఎంతమంది భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కుంటారు?” తన గ్లాసును నిండుగా గుర్తించిన పిల్లలే పదిమందిలో ఇద్దరు, ముగ్గురు అని రాశారు. ఇక్కడ అలవాటు అర్థమే కావాలి కాబట్టి ‘కడుక్కుంటారు’ అన్న రూపం సరిగ్గా సరిపోయింది. తన గురించి చెప్పడానికి జంకే నిజాన్ని పిల్లలు పక్కవాడి పేరున చెబుతారు. వాళ్ళను తప్పు పట్టడానికి ఇందులో ఏమీ లేదు.

ఎదురుగా నిలబడి చూసినా ఇదే చిక్కు. పవని రామ్ బృందం బంగ్లాదేశ్‌లో సబ్బు లోపల కదలికను గుర్తించే చిన్న యంత్రాలు పెట్టి, పరిశీలకులు ఇంట్లో ఉన్న రోజున సబ్బు కదలికలు 35 శాతం పెరిగాయని 2010లో చూపించింది. నా దగ్గర అలాంటి యంత్రాలు లేవు కనుక సబ్బును తూచాలని నిర్ణయించుకున్నాను. సాయంత్రం బడి వదిలాక సబ్బులు తీసి, రాత్రంతా ఆరబెట్టి, ఉదయం డిజిటల్ తూకంలో పెట్టి, తగ్గిన గ్రాములు పుస్తకంలో రాయాలి. మొదటి రెండు రోజుల లెక్క పనికిరాలేదు. తడి సబ్బు బరువు ఎక్కువ చూపిస్తుంది, నీళ్ళు నిలిచిన పెట్టెలో ఉంచితే ఎవరూ వాడకుండానే కరిగిపోతుంది. పెట్టెల అడుగున రంధ్రాలు వేశాక అంకెలు కుదురుకున్నాయి.

ఐదో వారం

ఈ వారం కుళాయిల దగ్గర కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. పని చేసే కుళాయిలు నాలుగు. ఒకేసారి భోజనానికి వదిలే పిల్లలు 160 మంది. తడుపుకోవడం, రుద్దడం, కడగడం, ఆరబెట్టడం అన్నీ కలిపి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే సమయం 40 నుంచి 60 సెకన్లు. తక్కువగా 40 సెకన్లే తీసుకున్నా ఒక్కో కుళాయి దగ్గర 40 మంది పిల్లలకు 1,600 సెకన్లు, అంటే దాదాపు 27 నిమిషాలు పడుతుంది. గంట కొట్టిన పది నిమిషాలకు వడ్డన మొదలవుతుంది.

ఈ లెక్క చేశాక చాలాసేపు అక్కడే కూర్చున్నాను. పిల్లలందరూ గట్టిగా అనుకుని, అందరూ ఒకేరోజు సరిగ్గా కడుక్కోవాలని వచ్చినా మా ఏర్పాటు వాళ్ళను నిలువరిస్తుంది. ఇన్నేళ్ళుగా ఉదయం ప్రార్థనా సమావేశంలో నిర్లక్ష్యం అని మేం పిలిచినదానిలో చాలాభాగం వరసలో నిలబడి వెనుదిరిగిన పిల్లల అనుభవం. రెండు మూడుసార్లు వెనుదిరిగిన పిల్లవాడు నాలుగోసారి ప్రయత్నించడు, ఆ తర్వాత అనుకోవడమూ మానేస్తాడు. చేయగలనన్న నమ్మకం తగ్గితే ఉద్దేశమే తగ్గుతుందని సిద్ధాంతం చెప్పే మాట కుళాయి దగ్గర ఇలా ఉంటుంది.

కొలిచినవి మరికొన్ని. చిన్న తరగతుల పిల్లలకు కుళాయి ఎత్తు అందదు, అందుకే చొక్కా చేతులు తడుస్తాయి. మరుగుదొడ్డి తలుపు నుంచి సబ్బు ఉన్న చోటికి వెళ్ళాలంటే తరగతి గదుల వైపు కాకుండా ఎదురు దిక్కుకు నడవాలి.

పాఠశాలల్లో నీరు, పారిశుద్ధ్యం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2019లో ప్రపంచవ్యాప్తంగా 81.8 కోట్ల మంది పిల్లలకు బడిలో చేతులు కడుక్కునే కనీస సదుపాయం లేదు. కనీస సదుపాయం అంటే నీళ్ళూ సబ్బూ రెండూ ఉండడమే. మా బడిలో ఆ రెండూ ఉన్నాయి కాబట్టి ఆ లెక్కలో మేం సదుపాయం ఉన్నవాళ్ళం. అయినా పరిస్థితి ఇది.

ఆరో వారం

అసలు సర్వే పూర్తయింది. ఒక అంశానికి చెందిన వాక్యాలు ఒకదానితో ఒకటి పొంతనగా ఉన్నాయో లేదో చెప్పే క్రాన్‌బాక్ ఆల్ఫా లెక్క వేస్తే, తిరగేసి రాసిన ఒక వాక్యం మొత్తాన్నీ చెడగొడుతోంది. “చేతులు కడుక్కోవడం అనవసరం కాదు” అని రాశాను. ఇలాంటి రెండు వ్యతిరేకాల వాక్యం నాలుగో తరగతి పిల్లలకు ఇవ్వడం నా తప్పే. దాన్ని తీసేశాక ఆల్ఫా సాధారణంగా కోరే 0.7 దాటింది.

ఇది ఒకే బడి సర్వే కనుక దీన్ని పెద్ద సిద్ధాంతంగా చెప్పను, కనిపించిన వరస మాత్రం స్పష్టంగా ఉంది. ఉద్దేశంతో అన్నింటికంటే బలంగా ముడిపడినది చేయగలనన్న నమ్మకం. తర్వాతది స్నేహితుల తీరు. అమ్మానాన్నలు, టీచర్లు ఏం ఆశిస్తున్నారన్నది చిన్న తరగతుల్లో బలంగా ఉండి, ఏడో తరగతికి వచ్చేసరికి బాగా పలచబడింది. జబ్బుల గురించిన జ్ఞానానికి వచ్చిన మార్కులకూ ఉద్దేశానికీ సంబంధం దాదాపు లేదు, ఎందుకంటే ఆ మార్కులు అందరివీ ఎక్కువే.

స్నేహితుల తీరు గురించి ఆలోచిస్తుంటే గేబీ జూడా బృందం బ్రిటన్‌లో రహదారి పక్కన ఉన్న విశ్రాంతి కేంద్రాల మరుగుదొడ్ల దగ్గర జరిపి 2009లో ప్రచురించిన ప్రయోగం గుర్తొచ్చింది. తెర మీద రకరకాల సందేశాలు చూపి సబ్బు వాడకాన్ని యంత్రాలతో లెక్కిస్తే, పక్కనున్న మనిషి సబ్బుతో కడుక్కుంటున్నారా అని అడిగిన సందేశం బాగా పనిచేసింది. పెద్దలకే పక్కవారి కన్ను అంత ముఖ్యమైతే పదకొండేళ్ళ పిల్లలకు ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. అయితే ఆ కన్నును సిగ్గుపరచడానికి వాడకూడదు. కడుక్కోనివాళ్ళ పేర్లు బోర్డు మీద రాద్దామని ఒక సహోద్యోగి సూచించారు, నేను ఒప్పుకోలేదు. నాలుగు కుళాయిలకు 160 మందిని పంపి, చివరన నిలబడినవాళ్ళ పేరు బోర్డు మీద రాయడం అన్యాయం.

ఏడు, ఎనిమిది వారాలు

మార్పులను ఒక్కసారిగా కాకుండా ఒకదాని తర్వాత ఒకటిగా చేశాను, ఏది ఏం చేసిందో సబ్బు తూకంలో, అంటే రోజుకు ఖర్చయిన సబ్బు గ్రాముల్లో, తెలియాలని.

మొదట ప్రదర్శన. అతినీలలోహిత కాంతిలో మెరిసే హానిలేని పొడిని చేతులకు రాసుకుని, మామూలుగా కడుక్కుని, చీకటి గదిలో దీపం కింద పెట్టి చూశారు. బొటనవేలి చుట్టూ, వేళ్ళ సందుల్లో, గోళ్ళ అంచుల్లో మెరుపు మిగిలింది. ‘కంటికి కనిపిస్తేనే మురికి’ అన్న నమ్మకం ఆ గదిలో కదిలింది. పిల్లలు ఒకరి చేతులు ఒకరు చూసుకున్న తీరు నేను మరిచిపోలేను. రెండు రోజులు సబ్బు బాగా తగ్గింది. మూడో రోజుకు తూకం మళ్ళీ పాత అంకె దగ్గరికి వచ్చింది.

తర్వాత సదుపాయం. కుళాయి బిగించిన నాలుగు పెద్ద బకెట్లను చిన్నపిల్లల ఎత్తులో, మరుగుదొడ్డికీ తరగతి గదులకూ మధ్య దారిలోనే పెట్టాం. సబ్బులను వల సంచుల్లో వేసి వేలాడదీశాం, జారి పడకుండా. తరగతులను ఐదేసి నిమిషాల తేడాతో వదలడానికి ప్రధానోపాధ్యాయిని అంగీకరించారు. ప్రార్థనా సమావేశంలో ఒక్క మాట కూడా చెప్పకుండా ఈ మార్పు చేశాం. తూకం మొదటి రోజు నెమ్మదిగా పెరిగి, ఆ వారమంతా తగ్గకుండా నిలిచింది.

మూడోది పాదముద్రలు. బంగ్లాదేశ్‌లో రెండు ప్రాథమిక పాఠశాలల్లో రాబర్ట్ డ్రైబెల్బిస్ బృందం మరుగుదొడ్డి నుంచి కుళాయి వరకు దారి మీద పాదాల గుర్తులు, కుళాయి దగ్గర అరచేతుల గుర్తులు రంగుతో వేయించింది. 2016లో ప్రచురించిన ఫలితాల ప్రకారం మరుగుదొడ్డి తర్వాత సబ్బుతో కడుక్కోవడం 4 శాతం నుంచి మరునాటికే 68 శాతానికి, ఆరు వారాలకు 74 శాతానికి చేరింది. ఆరోగ్య పాఠమేదీ జోడించకుండా వచ్చిన ఫలితం ఇది. మా దగ్గర ఏడో తరగతి పిల్లలు తమ పాదాలకే రంగు పూసుకుని దారి వేశారు. చిన్నపిల్లలు ఆ అడుగుల్లో అడుగులు వేస్తూ నడుస్తున్నారు. తమ అడుగులను చిన్నవాళ్ళు తొక్కుతూ వస్తుంటే తాము కడుక్కోకుండా వెళ్ళడం ఏడో తరగతివాళ్ళకు ఇబ్బందిగా మారింది. టీచర్ల మాట పలచబడిన చోట ఇది పనిచేయడం నాకు చాలా సంతోషాన్నిచ్చింది.

తొమ్మిదో వారం

ఉద్దేశానికీ ఆచరణకూ మధ్య దూరం ఇంకా మిగిలే ఉంది. పాస్కల్ షీరన్ 2002లో అనేక సమీక్షలను కలిపి చూసినప్పుడు, మనుషుల ప్రవర్తనలోని తేడాల్లో 28 శాతం దాకా మాత్రమే ఉద్దేశం వివరించగలిగిందని తేలింది. ఆ దూరాన్ని తగ్గించడానికి పీటర్ గోల్‌విట్జర్ 1999లో వివరించిన పద్ధతి ఒకటుంది. ఫలానా సందర్భం రాగానే ఫలానా పని చేస్తానని ముందే ముడివేసుకోవడం. తెలుగులో దీనికి ‘గానే’ అన్న రెండక్షరాలు చాలు. “గంట కొట్టగానే బకెట్ దగ్గరికి వెళ్తాను”, “తలుపు గడియ తీయగానే సబ్బు అందుకుంటాను” అని పిల్లలే తమ వాక్యాలు రాసుకున్నారు. ఆరో తరగతి అబ్బాయి ఒకడు “బంతి లోపల పెట్టగానే” అని రాశాడు. వాడికి గంట వినిపించదు, ఆటలో ఉంటాడు. బంతి లోపల పెట్టడమే వాడి గంట. ఇంత సరైన సూచన నేను ఇచ్చి ఉండేదాన్ని కాదు.

పదకొండో వారం

సబ్బు తూకం నిలిచి ఉంది. అయినా దీన్ని అలవాటు అనడానికి తొందరపడను. ఫిలిపా లాలీ బృందం లండన్‌లో చేసిన అధ్యయనంలో ఒక కొత్త పని అలవాటుగా స్థిరపడడానికి 18 నుంచి 254 రోజుల వరకు పట్టింది, మధ్యస్థం 66 రోజులు. మా బకెట్లు పెట్టి ఇంకా నెల రోజులే. నడుమ సెలవులు వస్తాయి, సెలవుల తర్వాత తూకం ఎంత పడిపోతుందో చూడాలి. అదే ప్రశ్నావళిని అప్పుడు మళ్ళీ ఇస్తాను. ఈసారి ‘పదిమందిలో ఎంతమంది’ అన్న ప్రశ్నకు వచ్చే జవాబును అందరికంటే ముందు చూస్తాను.

రెండు లోపాలు మిగిలాయి. తుడుచుకోవడానికి శుభ్రమైన బట్ట ఏర్పాటు ఇంకా కుదరలేదు, తడి చేతులకు సూక్ష్మజీవులు తేలికగా అంటుకుంటాయి, తేలికగా వదులుతాయి కూడా, కాబట్టి గాలిలో ఆరబెట్టుకోమని చెబుతున్నాం. బకెట్లు నింపే పని ఇప్పటివరకు ఒక సహాయకురాలి మీదే పడుతోంది, ఆమె రాని రోజున బకెట్లు ఖాళీగా ఉన్నాయి, ఆ రోజు తూకమూ ఖాళీగానే ఉంది. వచ్చే వారం నుంచి ఆ పనిని తరగతులవారీగా పంచుతున్నాం. తూకం పుస్తకంలో కొత్త పేజీకి గీతలు గీసి ఆరో తరగతి పిల్లలకు అప్పగించాను. బంతి అబ్బాయి మొదటి వారం తనకు కావాలని అడిగి తీసుకున్నాడు.